ఊపిరి ఆపమని ఎవరిని అడగాలి?

పిల్లల వైద్యంలో అంగీకారం ఎవరిది? చట్టానికి ఇదేమీ పెద్ద చిక్కు ప్రశ్న కాదు. పన్నెండేళ్లలోపు బిడ్డ మేలు కోరి, సంరక్షకుల అనుమతితో చేసిన పనిని మొత్తం మీద నేరంగా చూడకూడదని పాత శిక్షాస్మృతి చెప్పింది. 2024లో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితా ఆ మాటనే కొనసాగించింది. మరి సంరక్షకులెవరు? ఇది మనకి తెలిసిన పాత తగువే. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రి పేరు చెప్పి, ‘ఆయన తర్వాత’ తల్లి అంది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేర బాండ్లు కొనబోయి ఈ ‘తర్వాత’ దగ్గరే ఆగిపోయింది. ఆమె వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, ఆయన ఆ బాధ్యతలో లేనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. ఆ సెక్షన్‌ని మాత్రం కొట్టెయ్యలేదు.

నా కూతురికి తొమ్మిదేళ్లు. ‘టెట్రాలజీ ఆఫ్ ఫాలో’ అనే గుండె లోపంతో పుట్టింది. ఏడాది నిండకముందే ఆపరేషన్ అయింది. అలా ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామందికి గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే దారిలోని కవాటం కారుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కుడి జఠరిక సాగుతుంది. ఎంత సాగిందో, ఎంత రక్తం వెనక్కి వస్తోందో ఎకో కన్నా ఎమ్మారై కచ్చితంగా కొలుస్తుంది. కవాటం ఎప్పుడు మార్చాలన్నది చాలావరకు ఆ అంకెల మీదే ఆధారపడుతుంది. అందుకని స్కాన్.

మేము వెళ్లిన హైదరాబాదు ఆసుపత్రి అంగీకార పత్రం మీద ‘తండ్రి సంతకం’ అని అచ్చయి ఉంది. జాగ్రత్తలన్నీ మాత్రం నాకే చెప్పారు. ‘‘పాప కదలకుండా మీరే చూసుకోవాలమ్మా’’ అన్నారు. సంతకం ఆయనది, చాకిరీ నాది. ఇందులో మనకి కొత్తేముంది? నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. తల్లా తండ్రా అని మనం తగువులాడుకునే ఆ చుక్కల గీత మీద, లోపలికి వెళ్లి పడుకోబోయే మనిషికి చోటే లేదు.

1944లో బాల్టిమోర్‌లో ఈ జబ్బు పిల్లలకి మొదటి ఆపరేషన్ దారి చూపినవాళ్లలో హెలెన్ టౌసిగ్ ఒకరు. చెవులు వినపడకపోవడంతో ఆమె బిడ్డ ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండెని చదివేదట. ఎమ్మారైలో ఆ చెయ్యి ఉండదు. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, పైన పలకలాంటి కాయిల్ కట్టి, చెవులు మూసి, సొరంగంలోకి పంపుతారు. ఎక్స్‌రే కిరణాలుండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు, రేకు డబ్బా మీద సుత్తితో బాదినట్టు చప్పుడు. దాదాపు గంట. మందు ఎక్కించాల్సి వస్తే చేతికి సూది.

అసలు చిక్కు ఊపిరి దగ్గర. ఊపిరితో పాటు గుండె పైకీ కిందికీ జరుగుతుంది, బొమ్మ చెదిరిపోతుంది. అందుకని ‘తీసుకో, వదులు, ఆపు’ అంటారు. పదేసి, పదిహేనేసి సెకన్లు, ఎన్నోసార్లు. ఇంజెక్షనైతే నలుగురం పట్టుకుని పొడిపిస్తాం. చేదు మందైతే ముక్కు మూసి మింగిస్తాం. పిల్లల వైద్యంలో సగం మనం ప్రేమతో చేసే బలవంతమే. కానీ మెలకువగా ఉన్న బిడ్డ ఊపిరిని బయటినుంచి ఎవరూ ఆపలేరు. తను ఒప్పుకుని ఆపాలి, లేదా మత్తిచ్చి తన ఇష్టాన్నే కాసేపు పక్కన పెట్టాలి.

రెండోది తప్పనడం లేదు. చిన్నపిల్లలకి చాలావరకు అదే దారి. పూర్తి మత్తులో ఉన్న బిడ్డ శ్వాసని డాక్టర్లే యంత్రంతో ఆపి బొమ్మలు తీస్తారు. మత్తుకి ముందు మామూలుగా 4 గంటలు తల్లిపాలు కూడా మానిపిస్తారు. ఆకలికి గుక్కపట్టిన పసిదాన్ని భుజాన వేసుకుని వరండాలో తిరిగే అమ్మకి శరీరం మీద హక్కు గురించి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం నాకు లేదు.

తొమ్మిదేళ్ల పిల్లతో మాత్రం మాట్లాడక తప్పదు. అంతా విని, ‘‘నేను వద్దంటే?’’ అంది.

‘నొప్పేం ఉండదులే’ అనడం తేలిక. సూది గుచ్చుకోగానే ఆ మాట చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత నేను చెప్పానని ఎందుకు ఊపిరి ఆపాలి? నిజమే చెప్పాలనుకుంటే ఆమె ‘వద్దు’కి ఉన్న హద్దు కూడా చెప్పాలి. ‘‘ఇవాళ వద్దంటే ఇంకో రోజు తీయిద్దాం. మధ్యలో ఆపమంటే ఆపుతారు. మత్తిచ్చి తియ్యమంటే డాక్టర్ని అడుగుదాం. అసలు వద్దంటే మాత్రం నేను ఒప్పుకోనమ్మా’’ అన్నాను. మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికా అంతే. పిల్లల అభిప్రాయానికి వయసుకీ పరిణతికీ తగిన విలువ ఇమ్మంటుంది, తుది నిర్ణయం వాళ్లదే అనదు. ఈ తేడా దాచి ‘నీ ఇష్టం తల్లీ’ అనడం నాకు ఇంకో రకం అబద్ధంగా తోస్తుంది.

వారం రోజులు డైనింగ్ టేబుల్ కింద పడుకుని ఊపిరి ఆపడం నేర్చుకుంది. ‘‘ఎంత బుద్ధిమంతురాలో, కదలదు మెదలదు’’ అని అత్తయ్య మురిసిపోయింది. నాకు ఎక్కడో కలుక్కుమంది. కదలకుండా పడుండటం, చెప్పినప్పుడే ఊపిరి వదలడం ఆడపిల్లలకి మనం తరతరాలుగా నేర్పుతున్న విద్యే కదా. వైద్యం పేరుతో నేనూ అదే నేర్పుతున్నానా? కాదనే అనుకుంటున్నాను. ఇంట్లో నేర్పే ఆ కదలకపోవడానికి కారణం అడగనివ్వరు, ఎప్పుడు అయిపోతుందో చెప్పరు. స్కాన్ గదిలో రెండూ చెబుతారు. ఆపమనడానికి చేతికి ఒక రబ్బరు బుడ్డి కూడా ఇస్తారు. అయినా ఆ ‘బుద్ధిమంతురాలు’ అన్న మాట మాత్రం వద్దన్నాను. అత్తయ్య నొచ్చుకుంది.

ఆ రోజు నన్నూ లోపలికి రానిచ్చారు, ఒంటి మీద లోహం ఉండకూడదన్న షరతుతో. బంగారాన్ని అయస్కాంతం లాగదు గానీ, పుస్తెల తాడుకి గుత్తిగా వేలాడే పిన్నీసుల్ని లాగుతుంది. ‘‘బిడ్డ కోసం కదా, తియ్యి’’ అని అత్తయ్యే చెయ్యి చాపింది. ఇరవై ఏళ్ల నా వాదనలకి లొంగనిది అయస్కాంతానికి లొంగింది.

సగంలో పాప బుడ్డి నొక్కింది. చప్పుడు ఆగిపోయింది. టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చి బల్లని బయటికి లాగాడు. ముక్కు దురద పెడుతోందట. ‘‘ఇందుకేనామ్మా?’’ అన్నాడతను, నా వంక చూస్తూ. తను ముక్కు గోక్కుని, ఇంక వెళ్దామన్నట్టు తల ఊపింది.