బాలల పనికి బహుమానమేది?

గ్రామీణ ప్రాథమిక పాఠశాలల వార్షికోత్సవాలలో బాలలు చేసిన వస్తువులను ప్రదర్శించి, మేలైనవాటికి బహుమతులివ్వడం పరిపాటి. నలభైమంది బొమ్మలు చేస్తే ముగ్గురు వేదిక ఎక్కుతారు. ముప్ఫై ఏడుగురు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతో వారు నేర్చే పాఠమేమిటి? పని విలువ పనిలో లేదని, పరుల తీర్పులో ఉన్నదని కాదా?

ఈ సందర్భంలో శిక్షాసత్ర స్మరణీయం. కోల్‌కతాలో జన్మించిన రవీంద్రనాథ ఠాగూరు పల్లె బాలల కోసం 1924లో శాంతినికేతనంలో దానిని నెలకొల్పారు. 1927లో అది శ్రీనికేతనానికి తరలింది. అక్కడ తోటపని, నేత చదువుకు అలంకారాలు కావు, అవే చదువు. బాలుడు పెంచిన కూరగాయ పదిమందికి అన్నంలోకి వస్తే, అంతకు మించిన సన్మానమేముంటుంది?

ప్రోత్సాహం కూడదని కాదు. ఇంటిలో మొదటిసారి అక్షరం దిద్దిన బిడ్డకు, తల్లిదండ్రుల సమక్షంలో లభించిన గుర్తింపు బడి మానకుండా నిలిపే బలం కావచ్చు. అందుకే అది ముగ్గురితో ఆగరాదు. అతిథులుగా వెళ్లే అధికారులు వేదిక దిగి, ప్రతి బిడ్డ చెంతా నిలిచి, “దీనిని ఎలా చేశావు?” అని అడిగి, సమాధానం ముగిసేవరకు వినవలసి ఉంది.