తలుపు తట్టుట దొడ్డిదారియా?

అమెరికాలోని పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు కొత్తవారిని ఎన్నుకొనుటకు పేరుపొందిన కొద్ది విశ్వవిద్యాలయములకే ఎక్కువగా వెళ్లునని లారెన్ రివేరా 2015లో "పెడిగ్రీ" అను పుస్తకములో వివరించిరి. మరి తక్కిన కళాశాలల పిల్లలు ఏమి చేయుదురు? తమ కళాశాలలోనే చదివి బ్యాంకులో చేరినవారిని వెదకి, పది నిమిషములు మాట్లాడుమని ఉత్తరములు వ్రాయుదురు. ఒక్క జవాబు వచ్చినను సంతోషమే. ఇది సిఫారసు కాదా అని మనలో కొందరము అడుగుదుము.

పరీక్ష లేకుండ ఉద్యోగమిమ్మనుట సిఫారసే. అది వేరొకరి చోటును లాగుకొనును. "నన్నును పరీక్షించుడి" అనుట అట్టిది కాదని మేము తలంచుచున్నాము. హైస్కూలు ముగింపని సిడ్నీ వైన్‌బర్గ్ 1907లో గోల్డ్‌మన్ శాక్స్‌లో ఊడ్చువానికి సహాయకుడుగా చేరి, 1930లో దానికి అధిపతి ఆయెను. ఆ సామర్థ్యము ఏ కళాశాల జాబితాలోను లేదు గదా!

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. వ్రాయుటకు ధైర్యము లేనివాడు, ఎవరికి వ్రాయవలెనో తెలియనివాడు బయటనే నిలుచును. అడిగి లోపలికి వెళ్లినవారికి ఇది అప్పు. అది తీరు మార్గమొక్కటే: తమ వెనుక వచ్చు ఉత్తరమునకు జవాబు వ్రాయవలెను, వ్రాయలేనివానిని తామే వెదకవలెను.