ఆకాశమున విడిచిన వస్తువు ఎవరిది?

1958 మార్చి 17వ తేదీన అమెరికా దేశమువారు వాన్‌గార్డ్-1 అను చిన్న ఉపగ్రహమును ఆకాశమునకు పంపిరి. అది పంపరపనస కాయంత గోళము. బరువు ఒకటిన్నర కిలోగ్రామునకు లోపు. 1964లో దాని రేడియో మూగవోయినది. అయినను ఆ గోళము నేటికిని భూమి చుట్టు తిరుగుచునే యున్నది. పని తీరిన వస్తువు ఎవరిది, దానిని తొలగించు భారము ఎవరిది అను ప్రశ్న మనకు క్రొత్త కాదు. ఇంటి ముంగిటి చెత్త మొదలు ఊరి చెరువు వరకు ఈ ప్రశ్నయే. కాని ఆకాశమున ఊరిపెద్దలు లేరు, పంచాయతి లేదు. కావున మానవుని ధర్మబుద్ధి అచ్చట ఒంటరిగా పరీక్షకు నిలువవలసి వచ్చినది.

భూమినుండి కనిపెట్టుచు జాబితాలో నుంచిన వస్తువులు నేడు సుమారు 40,000 కలవు. ఒక సెంటీమీటరునకు మించిన తునుకలు పన్నెండు లక్షలకు పైబడి యుండునని ఐరోపా అంతరిక్ష సంస్థవారి అంచనా. అంత చిన్న తునుక ఏమి చేయగలదని కొందరు సందేహింతురు. భూమికి దగ్గరి కక్ష్యలలో అవి సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ వేగమున గోలీకాయంత లోహపు ముక్క తాకినను ఉపగ్రహము చెడిపోవును. ఒక తాకిడి వలన పుట్టిన తునుకలు మరికొన్ని తాకిడులకు కారణమగుననియు, ఈ పరంపర కొంతకాలమునకు తనంత తానే పెరుగుననియు డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పలే అను శాస్త్రజ్ఞులు 1978లోనే హెచ్చరించిరి.

2009 ఫిబ్రవరి 10వ తేదీన, సైబీరియాకు పైన, రమారమి 790 కిలోమీటర్ల ఎత్తున, ఎన్నడో పని మానిన రష్యా ఉపగ్రహము కాస్మోస్-2251 అమెరికా కంపెనీకి చెందిన ఇరిడియం-33ను ఢీకొన్నది. ఇందు దోషి ఎవరు? ఒకటి శవము వంటిది, కదలలేదు. రెండవది సజీవము, కదలగలిగినదే గాని, కదలుమని చెప్పినవారు లేరు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము, ఒక దేశపు అంతరిక్ష వస్తువు నేలమీద పడి నష్టము కలిగించినచో దోషవిచారణతో పని లేదు, ఆ దేశము పరిహార మీయవలసినదే. 1978లో కాస్మోస్-954 కెనడా భూభాగముపై కూలినప్పుడు, కొంత వాదప్రతివాదము జరిగిన పిమ్మట, 1981లో సోవియట్ ప్రభుత్వము ముప్పది లక్షల కెనడా డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. కాని నష్టము ఆకాశముననే జరిగినచో దోషమును నిరూపింపవలెను. తప్పుకొనవలసిన వాడెవడో ముందుగా నిర్ణయింపనిచోట దోషమును నిరూపించుట ఎట్లు? మన బాటలపై ఎడమప్రక్క నడువవలెనను కట్టుబాటు పిల్లలకును తెలియును. ఆకాశమున అట్టిది నేటికిని లేదు. 2019 సెప్టెంబరులో ఐరోపా వారి ఏయోలస్ ఉపగ్రహము స్పేస్‌ఎక్స్ కంపెనీ ఉపగ్రహము నొకదానిని తప్పించుకొనుటకు తానే ప్రక్కకు జరిగినది. వారి నడుమ జరిగిన సంప్రదింపులు ఈ-మెయిలు ఉత్తరముల మీదనే సాగినవి. అందొకటి సకాలమున చేరవలసినవారికి చేరలేదు.

అంతకంటెను లోతైన చిక్కు మరియొకటి కలదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందము ప్రకారము, ఆకాశమున నున్న వస్తువుపై యాజమాన్యము చెడదు. అది పగిలినను, మూగవోయినను, వంద సంవత్సరములు గడచినను యజమాని యజమానియే. అతని అనుమతి లేక దానిని మరియొకడు తాకరాదు. బాగుగనే యున్నది. కాని దానిని తొలగించి తీరవలెనని ఆ యజమానిని బంధించు అంతర్జాతీయ శాసనము మాత్రము లేదు. ఇరువదియైదు సంవత్సరములలోపల క్రిందికి దింపుట మంచిదను నియమమును, 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకములును హితవచనములే గాని ఆజ్ఞలు కావు. ఊరుమ్మడి చెరువులో బండి విరిగి మునిగిన వాడొకడు, "బండి నాది, ఎవ్వరును ముట్టరాదు, తీయుట మాత్రము నా వంతు కాదు" అనినచో ఊరివారు ఊరకుందురా? హక్కును పట్టుకొని భారమును జారవిడుచు యాజమాన్యము యాజమాన్యమే కాదని నా అభిప్రాయము.

దీనికి వెనుక వచ్చిన దేశముల వారొక ఆక్షేపణ చెప్పుదురు. ఆకాశమును అధికముగ మలినము చేసినవారు అమెరికా, రష్యా, చైనా వారు. 2007లో చైనా తన వాతావరణ ఉపగ్రహమును క్షిపణితో పేల్చి మూడువేలకు మించిన తునుకలను సృజించినది. 2021లో రష్యాయు అట్టి పనియే చేసినది. వారికి లేని నిర్బంధము మాకేల అని వీరి ప్రశ్న. ఇందు న్యాయము లేకపోలేదు. శుద్ధిచేయు వ్యయమున మునుముందు చేసినవారు పెద్దపాలు భరించుటయే ధర్మము. కాని మన చేతులును తెల్లనివి కావు. 2001లో శ్రీహరికోట నుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు కడపటి అంచె, పని ముగిసిన పిమ్మట, ఆ డిసెంబరులో ప్రేలి మూడువందలకు పైగా తునుకలైనది. 2019 మార్చి 27న మన దేశము జరిపిన క్షిపణి ప్రయోగము సుమారు 300 కిలోమీటర్ల తక్కువ ఎత్తున జరిగినను, కొన్ని తునుకలు పై కక్ష్యలకెగసి సంవత్సరమునకు మించి నిలిచినవి. ఇతరుల పాపము పెద్దదగుట మన పాపమునకు రసీదు కాజాలదు.

మెచ్చదగిన పనియు మనవారు చేసిరి. ఫ్రాన్సుతో కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహము, ఊరక విడిచినచో, నూరేండ్లకు మించి తిరుగుచుండెడిది. అదుపులో నుంచి దించుటకు దానిని నిర్మింపలేదు. అయినను మిగిలిన ఇంధనముతో కక్ష్యను మెల్లమెల్లగా తగ్గించి, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రముపై, జనము లేని చోట దింపిరి. ఏ శాసనమును వారిని బలవంతపెట్టలేదు.

అందరును ఇట్లు తమ వస్తువులను తామే దింపుకొనలేరు. ఐరోపా వారి ఎన్విశాట్ ఎనిమిది టన్నుల బరువు గలది; 2012 ఏప్రిలులో మాట ఆగిపోయినది; నేటికిని తిరుగుచున్నది. అట్టివానిని మరియొక నౌక పోయి పట్టి తేవలెను. ఇచ్చట అనుమానము ప్రవేశించును. మృతోపగ్రహమును పట్టగల హస్తము సజీవోపగ్రహమును పట్టలేదా? చెత్త తీయు పరికరము ఆయుధమును కాగలదు. ఈ భయము నిరాధారము కాదు. అందుచేతనే ఎవరికి వారు శుద్ధి చేసినచో చాలదు. ఎవరు దేనిని ఎప్పుడు సమీపింతురో ముందుగా అందరికిని తెలుపు ఏర్పాటు, అనుమతి నిచ్చు పద్ధతి, తప్పుకొను మర్యాద, ఇవి దేశములు కూర్చుండి నిర్ణయింపవలసినవి. 2024లో జపాను కంపెనీ యొకటి పంపిన చిన్న నౌక, 2009 నుండి తిరుగుచున్న రాకెట్టు అంచెను పదునైదు మీటర్ల దూరమువరకు సమీపించి ఫొటోలు తీసినది. ఆ అంచెయు జపానుదే. కావున అనుమతికై పరదేశము నడుగవలసిన పని లేకపోయెను.