రెండు బండ్ల నడుమ ఒక దినము

రాయగడ, కొరాపుట్ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో విశాఖపట్టణమున ఒక పగలంతయు బండికై వేచియుండని కుటుంబము అరుదు. తిరుపతి యాత్రకైనను, హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుని చూచుటకైనను, చెన్నపట్టణములో వైద్యమునకైనను మన దారి తరచుగ ఆ నగరము మీదుగనే పోవును. కొండలు దిగివచ్చిన బండి ఉదయమున మనలను దింపును. ముందుకు పోవలసిన బండి రాత్రికి గాని లేదు. పెట్టెలను క్లోకు రూములో అప్పగించి, రసీదు మడిచి జేబులో పెట్టుకొని స్టేషను వెలుపలకు రాగానే ఇంటిల్లిపాదియు అడుగు ప్రశ్న ఒక్కటే: “సాయంత్రం దాకా ఏం చేద్దాం?”

ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగ తోచును. కాని నిదానించి చూచినచో ఇందులో ఒక పెద్ద ప్రశ్న ఒదిగియున్నది. మన యిచ్చవచ్చినట్లు గడుపుకొనుటకు ఒక దినము చేజిక్కినది. అది మరల రాదు. చేయదగిన పనులు పది, చేయగలిగినవి రెండో మూడో. అప్పుడు దేనిని పట్టుకొనవలెను, దేనిని విడువవలెను? మానవజీవితమంతయు ఈ లెక్కయే గదా! జీవితమున గడువు కనబడదు; బండి వేళ తెలిసిన దినమున అది స్పష్టముగ కనబడును. అంతియే భేదము.

లోకములో ఈ ప్రశ్నకు రెండు సమాధానములు వాడుకలో నున్నవి. కొందరు ఆ దినమును దినముగనే లెక్కింపరు. వెయిటింగు గదిలో కుర్చీ సంపాదించి, కునుకు తీయుచు, గడియారము చూచుచు గడుపుదురు. వారి దృష్టిలో బయలుదేరిన ఊరును, చేరవలసిన ఊరును మాత్రమే నిజము. నడిమిది కేవలము అడ్డంకి. మరికొందరు దీనికి పూర్తిగ విరుద్ధము. ఆటో మాట్లాడుకొని, ఉదయము సింహాచలము, అటుపిమ్మట కైలాసగిరి, మధ్యాహ్నము జలాంతర్గామి, సాయంత్రము సముద్రతీరము, నడుమ జగదాంబ కూడలిలో బట్టల దుకాణములు, ఇట్లు పరుగెత్తి, రాత్రి బండిలో కూలబడి, “అన్నీ చూసేశాం” అందురు. మొదటివారు దినమును పారవేసిరి. రెండవవారు దానిని కొల్లగొట్టిరి. ఇరువురిలో ఎవరును దానిని సద్వినియోగము చేసికొనలేదని మా అభిప్రాయము.

ఒక్క దినములో ఏమగునని పెదవి విరుచువారికి సింహాచలమే సమాధానము. అచ్చటి వరాహనరసింహస్వామి సంవత్సరమంతయు చందనపు పూతలోనే యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు మాత్రమే ఆ పూత తొలగించి భక్తులకు నిజరూప దర్శనము కలిగింతురు. ఆ ఒక్క దినమునకై వేలకొలది జనులు వరుసలలో నిలుతురు. దినమునకు విలువ దాని గంటలను బట్టి రాదు. మనము దానికై తెచ్చిన మనస్సును బట్టి వచ్చును. ఈ సంగతి ఆ వరుసలో నిలిచిన అక్షరము రాని ముదుసలియు ఎరుగును.

ఈ మాటలు వ్రాయుటకు మాకు గల అధికారము అనుభవము వలన వచ్చినదే. కాని ఆ అనుభవము గర్వింపదగినది కాదు. పదునైదేండ్ల క్రిందట మేము సకుటుంబముగ విజయవాడ పోవుచు విశాఖలో ఒక పగలు దిగితిమి. రాయగడలో మా యింటికి వచ్చి పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పిన మాస్టారొకరు వార్ధక్యమున కుమారుని యొద్ద ఆ నగరముననే యుండిరి. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివిన మా పిల్లలు నేడు తెలుగు పత్రిక చదువగలుగుట ఆయన చలువయే. ఆయనను చూడవలెనని ఇంటివద్దనే అనుకొంటిమి. కాని దిగినది మొదలు ఒకదాని తరువాత ఒకటి చూచుచు, “మాస్టారింటికి సాయంత్రం వెళదాం” అనుచుంటిమి. దుకాణములో చీరల బేరము ముగియునప్పటికి చీకటి పడినది. స్టేషను చేరి ఫోను చేసి కోడలుగారితో, “ఈసారి వీలు పడలేదమ్మా. తిరుగు ప్రయాణంలో తప్పకుండా వస్తామని మాస్టారితో చెప్పండి” అంటిమి. తిరుగు ప్రయాణములో బండి ఆలస్యమై, రాయగడ బండి నందుకొనుటయే గగనమైనది. మూడు నెలలకు ఆయన పోయినట్లు తెలిసినది.

పరామర్శకు వెళ్లినప్పుడు కోడలుగారిని అడుగక ఉండలేకపోతిమి: “ఆ రోజు మేము ఫోను చేశామంటే మాస్టారు ఏమన్నారమ్మా?” ఆమె కొంచెము తడబడి, “ఏమీ అనలేదండీ. మీ బండి ఎన్నింటికని అడిగారు. గడియారం చూసి, ఇంకా రెండు గంటలుందే అన్నారు” అనెను.

ఆ రెండు గంటలు నాటినుండి మమ్ము వదలలేదు. ఆ దినమున మేము చూచిన కొండయు, కొన్న చీరయు మరల దొరకునవే. ‘కుర్సురా’ జలాంతర్గామి 1969లో నౌకాదళమున చేరి, 2001లో సేవనుండి విరమించి, 2002 నుండి ఆ తీరమున ప్రదర్శనశాలగ నిలిచియున్నది. నాడు చూడకున్నను మరుసటి యేట చూచియుందుము. ఎనుబది యేండ్ల మనిషి అట్లు నిలిచియుండడు. “దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి” అను సామెతను మనము సాధారణముగ మన దీపమును గూర్చియే చెప్పుకొందుము. ఎదుటివారి దీపమును గూర్చియు అది చెల్లును.

ఈ సంగతి చెప్పగా కొరాపుట్ మిత్రులొకరు మమ్ము ఆక్షేపించిరి. “మీరు చెప్పేది బాగానే ఉంది గాని, మనవాళ్లు ఏ ఊరు దిగినా చుట్టాల ఇళ్లలో కాఫీలు తాగి స్టేషనుకు వచ్చేస్తారు. కొండల మధ్య పుట్టిన పిల్లవాడు సముద్రం చూడకుండానే సముద్రపు ఊరు దాటిపోతాడు. అది వాడికి అన్యాయం కాదా?” అనిరి. ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఒడిశాలోకెల్ల ఎత్తయిన దేవమాలి శిఖరపు సీమలో పెరిగిన బిడ్డకు ఎటు చూచినను కొండయే అడ్డు. చూపునకు అడ్డు లేని చోటు ఒకటి కలదని వాడు సముద్రపు టొడ్డుననే మొదటిసారి తెలిసికొనును. అదియు విద్యయే. ఆ విద్య నిచ్చుట తల్లిదండ్రులు తీర్పవలసిన ఋణమే.

కావున చుట్టములా, దృశ్యములా అని ప్రశ్నించుట తప్పు. ప్రశ్నింపవలసినవి వేరు: దేనికి మనము స్వయముగ రాక తప్పదు? దేనికి నేడు గాక వీలులేదు? ఈ రెండు జల్లెడలలోను నిలిచినది మొదట చేయవలెను. వృద్ధుని పలకరింపు నిలుచును. ఆసుపత్రిలో పడియున్న మన యూరి మనిషిని చూచివచ్చుట నిలుచును. సముద్రమును ఎన్నడును చూడని బిడ్డ కోరిక నిలుచును. చీరల దుకాణము నిలువదు. ఐదవ దర్శనీయ స్థలము నిలువదు. మిగిలిన సమయమున వానిని చూచినచో దోషము లేదు. వానిని ముందు చూచి, మిగిలిన సమయమున మనుష్యులను చూతమనుకొనుటలోనే మేము దారి తప్పితిమి.

పోవుటయు ఒక పద్ధతిలో పోవలెను. ఒక్క రాత్రి మాత్రమే నిలుచువాడు గనుక, నిలుకడ లేనివాడు గనుక అతడు అతిథి యని మనుస్మృతి నిర్వచించినది. అతిథి యెడ గృహస్థు చేయవలసిన విధులను మన పెద్దలు విస్తారముగ చెప్పిరి. గృహస్థు యెడ అతిథి చేయవలసినదానిని గూర్చి మనము తక్కువ ఆలోచింతుము. భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు పోవు నగరపు ఇంటిమీద నలుగురము చెప్పకుండ భోజనవేళకు వాలుట ప్రేమ కాదు. ముందుగ తెలియజేయవలెను, భోజనము ముగించుకొని పోవలెను, ఎంతసేపు ఉందుమో కూర్చుండగానే చెప్పవలెను, మన కొండ పసుపో, అల్లమో చేతబట్టుకొని పోవలెను. అరగంట చాలును. కాని ఆ అరగంట పూర్తిగ వారిదై యుండవలెను. ఫోనులో తరువాత చూడవలసిన స్థలములను వెదకుచు కూర్చుండరాదు.

విశాఖ మనకు కేవలము దారిలోని స్టేషను కాదు. 1936 ఏప్రిలు 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగ ఏర్పడువరకు కొరాపుట్, రాయగడ సీమలు విశాఖపట్టణము జిల్లాలోనివే. 1931లో పార్వతీపురము నుండి రాయపూరు వరకు ఇనుపదారి పూర్తియగుటయు, 1933లో విశాఖ నౌకాశ్రయము తెరచుటయు మన కొండలను ఆ తీరముతో ముడివేసినవి. 1960లలో కొత్తవలస–కిరండూలు మార్గము, 1990లలో కొరాపుట్–రాయగడ మార్గము ఆ ముడిని బిగించినవి. కోణార్క సూర్యాలయమును కట్టించిన గంగవంశపు నరసింహదేవుని కాలముననే సింహాచల దేవాలయమును పెంపొందినది. ఒడియా, తెలుగు భాషలు రెంటిలోను రచనలు చేసిన జయపురపు మహారాజు విక్రమదేవ వర్మ, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళ మిచ్చెను. అచ్చటి సైన్సు కళాశాల జయపురము పేరును, ఆయన పేరును ధరించినది. ఒక్క పగలు మిగిలినప్పుడు పిల్లలను ఆ ఆవరణమునకు తీసికొనిపోయి, “ఇందులో మన కొండల సొమ్ము ఉంది” అని చెప్పుటకు పావుగంట చాలును.

అయితే ఆ మాట చెప్పునప్పుడు రెండవ సగమును గూడ చెప్పవలెను. సంస్థానపు సొమ్మనగా రైతుల శిస్తు. ఆ శిస్తు కట్టిన కొండరైతులలో ఆ భవనమును చూచినవారెందరు? మనము ఒక్కనాటికైనను చూడగల నగరమును, దానికి తన వంతు చెల్లించియు చూడనివారు మన వెనుక నున్నారు. ఈ తలంపు మమ్ము మా యూరికి తిరిగి తెచ్చినది.

విశాఖలో మనము ఒక్కనాటి బాటసారులము. మన యూళ్లలో ఒక్కనాటి బాటసారులు మన యెదుట నిలుతురు. బుధవారమునాడు చాటికోన సంతకు నియమగిరి నుండి డోంగ్రియా కోదు స్త్రీలు అనాసపండ్లు, అల్లము, పసుపు మోసికొని దిగివత్తురు. రాయగడ బజారునకును, కొరాపుట్ వైపు కుందులి సంతకును కొండపల్లెలవారు అట్లే వత్తురు. వారికి అదియే పెద్ద పట్టణము. వారికిని గడువున్నది: పొద్దుగ్రుంకులోగ కొండ యెక్కవలెను. ఆ గడువు తెలిసియే బేరగాడు సాయంత్రము దాక ఆగును. తెచ్చిన పంటను తిరిగి మోసికొనిపోలేక ఎంతకైనను ఇచ్చివేయుదురని అతని లెక్క. తరతరములుగ ఈ సీమలో వర్తకము చేసిన మనలో ఈ కిటుకు విననివారుండరు. మన బండి వేళ ఎరిగిన ఆటోవాడు రెట్టింపు అడిగినప్పుడు మనకు కలుగు కోపము న్యాయమైనచో, తట్ట దింపి మౌనముగ నిలిచిన ఆ స్త్రీ కోపమును న్యాయమైనదే. ఆమెకు నీడ, ఒక చెంబెడు మంచినీళ్లు, సరియైన తూకము, ఉదయమున చెప్పిన ధరయే సాయంత్రమును చెప్పుట, ఇవి మన చేతిలోనున్న పనులు. పరాయి నగరమున ఒక దినమును చక్కగ గడుపుట మనకు నిజముగ తెలిసినదా లేదా యనుటకు పరీక్ష అచ్చట కాదు, ఇచ్చటనే జరుగును.

మొన్న మనుమనితో విశాఖలో దిగినప్పుడు మేము ముందుగ చెప్పి మాస్టారింటికి పోయి కోడలుగారిని పలకరించితిమి. గోడమీది మాస్టారి పటము క్రింద నున్న పేరును పిల్లవాడు కూడబలుకుకొని చదివెను. ఆపై వానికి సముద్రము చూపితిమి. రెండే పనులు చేసితిమి. స్టేషనుకు వచ్చునప్పటికి బండికి ఇంకను రెండు గంటల వ్యవధి యుండెను.

గడువు తెలిసిన దినమున మొదట ఏది చేయవలెనో ఎరుగుట కొంత సులభము. గడువు తెలియని తక్కిన దినములలోను అట్లే ఎరిగి నడచుకొనుటయే కష్టము. ఆ కష్టమునకు ఈ ఒక్క పగటి నిరీక్షణము మనకొక అభ్యాసముగ నుండుగాక.