మన్నాయు సీతాఫలమును
ధ్యాన భాగము: నిర్గమకాండము 16:14–34

సీతాఫలము కోసిన రైతునకు ఆనాటినుండియే తొందర. రెండు మూడు దినములలో పండు మెత్తబడి పగులును. చలిగదిలో మిక్కిలి చల్లగా నుంచినచో తొక్క నల్లబడును. కనుక ప్రొద్దు వాలినప్పుడు గంప నిండుగా నున్నవాడు వర్తకుడు చెప్పిన ధరకు తల యూపవలసినదే.

బాలాపూరు సహోదరులకు ప్రక్కనున్న కంచన్‌బాగు ఎరుకయే. అక్కడ అగ్ని క్షిపణులను రూపొందించు రక్షణ పరిశోధనశాలవారే మట్టిలో కలిసిపోవు సంచులను కూడ చేసిరి. 2021 ఆగస్టులో అవి తిరుమలలో లడ్డూలకై వాడుకలోనికి వచ్చెను. ఈ మాట వినగానే యెషయా 2వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చువారుందురు. క్షిపణుల పని ఆగలేదు గనుక నేనంత దూరము పోను.

ఆ సంచికి దగ్గరదే పండుపై పూయు పలుచని పొర. గంజివంటి పిండిపదార్థముతోను, మొక్కల మైనముతోను దానిని చేయుదురు. కోసిన పండును ఊపిరి పీల్చుచునే యుండును, నీటిని కోల్పోవుచుండును. పొర ఆ రెంటిని నెమ్మదింపజేయును. మందముగా పూసినచో గాలి చొరక, పైకి నిగనిగలాడు పండు లోపల పులిసిపోవును. పాలిథీను కాగితమును పండును కొంతకాలము కాపాడును గాని, పిమ్మట అది మన పొలములోనే పడియుండును, పశువులు మేయును.

దేవుడు వాడిపోవునట్లు చేసినదానిని నిలువజేయుట తగునా యని కొందరు పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. మన్నాను మరునాటికి దాచినవారికి పురుగులే మిగిలెను గదా! అయితే అదే అధ్యాయమును చివరివరకు చదువుడి. విశ్రాంతిదినము కొరకు ఉంచిన మన్నా కంపు కొట్టలేదు. ఒక పాత్రలోనిది తరతరముల కొరకు ఉంచబడెను. యోసేపు ఐగుప్తులో ఏడేండ్ల ధాన్యము కూర్చెను. లూకా 12లోని ధనవంతుడును కూర్చెను. కొట్లు ఒకటే. ఒకడు ఆకలిగొన్నవారి కొరకు, ఒకడు తన ప్రాణము కొరకు.

కాబట్టి పూత పాపమా యని గాక, పూత వలన కలిసివచ్చిన రెండు దినములు ఎవరివని అడుగవలెను. అవి రైతు గంపలో కలిసివచ్చినచో, నేడు ధర కుదరకున్న రేపు వేరొక సంతకు పోవచ్చును. వర్తకుని కొట్టులోనే కలిసివచ్చినచో, వాడు నేటి సాయంకాలమే చవుకగా కొని, ధర పెరుగువరకు కూర్చుండును. ఆమోసు 8వ అధ్యాయములో అమావాస్య ఎప్పుడు గడచునా యని కాచుకొన్నవారు ఇట్టివారే. నిలువ పండును నేడే కోసినదని అమ్ముటను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

తోటలున్న సంఘస్థులు నలుగురైదుగురు కలిసి, సీతాఫలమునకు ఏ పూత ఎంత పలుచన తగునో రాజేంద్రనగరు ఉద్యాన కళాశాలవారిని అడిగి, రాబోవు కాపున ఒక్క గంపతో ముందుగా చూడవలెనని నా మనవి. ఆ గంప ఖర్చును సంఘపు పెట్టెనుండి ఇచ్చుటకు పెద్దలు యోచింతురు గాక.