టి.ఏ. బిల్లు - ఏడవ ఆజ్ఞ



మొన్న ఆదివారం పూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక పెద్దమనిషి కవరొకటి పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. పాతబస్తీలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పదవీ విరమణకు ఇంకా కొద్ది నెలలే ఉంది. "ఫాదర్‌గారూ, ఇది హుండీలో వేద్దామని తెచ్చాను. వేసేముందు మీకొక మాట చెప్పాలి" అన్నాడు. (ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు, గుడి మెట్లమీద విన్నది. పేరు లేకుండా వ్రాయమని ఆయనే అన్నాడు.)

ఏళ్ళ తరబడి ఆయన టి.ఏ. బిల్లులు పెట్టాడు. బస్సులో వెళ్ళి కారు అద్దె వ్రాశాడు. రెండు రోజుల పనికి నాలుగు రోజుల భత్యం తీసుకున్నాడు. పైఅధికారి సంతకం చేశాడు, బిల్లు పాసయింది. "అందరూ వ్రాసేదే. ప్రభుత్వం సొమ్మేగదా, ఎవడి జేబులోంచి పోయిందని అనుకునేవాణ్ణి" అన్నాడు.

ఎవరి జేబులోంచి పోయిందో చూడాలంటే చార్మినార్ ప్రక్కనున్న లాడ్‌బజారుకు వెళ్ళండి. అక్కడ అమ్మే లక్కగాజులను చుట్టుప్రక్కల గల్లీలలో నిప్పు సెగ ముందు కూర్చొని చేస్తారు. ఆ గాజులు చేసే తల్లి ఆదాయపు పన్ను కట్టకపోవచ్చు. కాని సబ్బు కొన్నా, పిల్లవాడికి చెప్పులు కొన్నా ఆమె పన్ను కడుతూనే ఉంది. కారు అద్దె అని వ్రాసిన కాగితంలో ఆమె పైసలున్నాయి.

ఏడవ ఆజ్ఞ దొంగతనాన్ని నిషేధిస్తుంది. దొంగతనమంటే గోడకు కన్నం వేయడమే అనుకుంటాం. 1992లో పోపు రెండవ జాన్‌పాల్ ఆమోదించిన శ్రీసభ సత్యోపదేశం మాత్రం ఈ ఆజ్ఞ క్రింద దొంగ బిల్లులను, మితిమీరిన ఖర్చులను పేరుపెట్టి చెప్పింది.

చిన్న బిల్లుకు అలవాటుపడిన చేయి పెద్ద బిల్లుకూ వణకదు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ సంగతి చూడండి. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. రవాణా బిల్లులలోని బండి నంబర్లను కాగ్ ఆడిటర్లు పరిశీలిస్తే వాటిలో మోటారు సైకిళ్ళు, ఆటోలు, చివరకు అంబులెన్సులు కూడా తేలాయి! ఆ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చింది. ఆ ఏడాదే అవినీతి నిరోధక శాఖ కొందరు అధికారులను అరెస్టు చేసింది. ఎవరు దోషులో న్యాయస్థానం తేల్చాలి. మోటారు సైకిలుమీద గొర్రెల మంద ఎక్కదని చెప్పడానికి మాత్రం న్యాయస్థానం అక్కరలేదు.

లెక్క అడిగితే మనకు కోపం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల దరఖాస్తుతో ప్రభుత్వ ఖర్చుల లెక్క ఎవరైనా అడగవచ్చు. అడిగినవాణ్ణి ఆఫీసులో పగవాడిలా చూస్తారు. పునీత పౌలు అలా చూడలేదు. యెరూషలేము పేదలకోసం పోగైన విరాళాన్ని ఒంటరిగా మోయక, తనమీద నింద రాకుండా ఇతరులను తోడుగా పెట్టాడు. దేవుని యెదుటనే కాదు, మనుష్యుల యెదుట కూడా లెక్క శుభ్రంగా ఉండాలని కొరింతీయులకు వ్రాశాడు.

నేనూ చెప్పుకోవాలి. ఒకసారి ఒక సమావేశానికి స్నేహితుని కారులో వెళ్ళాను. వాళ్ళు దారిఖర్చుల కవరు చేతిలో పెట్టారు. మాట్లాడకుండా జేబులో వేసుకున్నాను. తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి నాకు నేను కారణాలు చాలా చెప్పుకున్నాను.

గుమాస్తాగారి కవరు హుండీలో వేయవద్దన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లవుతుంది. సొంతదారు తెలిసినప్పుడు సొమ్ము అతనికే చేరాలి. జక్కయ కూడా పేదలకు సగం ఆస్తి ఇస్తానన్నాక అంతటితో ఆగలేదు, తాను మోసగించిన వారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పాలుపంచుకున్నవారందరికీ వారి వారి వంతు బాధ్యత ఉందని సత్యోపదేశం చెబుతున్నది. అంటే సంతకం చేసిన అధికారికి కూడా.

"చలానా కట్టి ప్రభుత్వ ఖాతాలో జమచేయండి" అన్నాను.

"చలానాలో పేరు వ్రాయాలి ఫాదర్‌గారూ. ఎందుకు కడుతున్నావంటే? నా పెన్షన్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తిరిగి చెల్లించే వాడు తన తప్పును ఊరంతా చాటుకోవాలని శ్రీసభ నీతిశాస్త్రం కోరదు. గుట్టుగా చెల్లించినా చెల్లించినట్లే. ఆ దారి ఏమిటో తెలుసుకోవడానికి వచ్చే వారం ఆయనా నేనూ కలిసి ఒక న్యాయవాది దగ్గరకు వెళుతున్నాం. కవరు ప్రస్తుతం ఆయన ఇంటి బీరువాలోనే ఉంది.