పిలుపు ఆలస్యమైనప్పుడు

చదువవలసిన భాగము: యిర్మీయా 29:1–14



మన తెలుగు బైబిలులో ఒక చక్కని మాట కలదు. అది దేవునికొరకు కనిపెట్టుకొనియుండుట అను మాట. కీర్తనలలో ఇది మాటిమాటికి వచ్చును. మన ఇండ్లలోని పెద్దలకు ఈ మాట ఎంత అలవాటైనదనగా, ఏ పని ఆలస్యమైనను, ఎవరు జవాబియ్యకున్నను, ఇదే మాట చెప్పుట వాడుకైపోయినది. పెన్షను రాలేదు, కనిపెట్టుము. పట్టా పుస్తకము రాలేదు, కనిపెట్టుము. ఆసుపత్రివారు ఉద్యోగమిత్తుమని చెప్పి రెండు నెలలైనను పిలువలేదు, కనిపెట్టుము. ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. దేవునికొరకు కనిపెట్టుటయు, ఒక ఆఫీసు బల్లమీదనున్న కాగితము కొరకు ఎదురుచూచుటయు ఒక్కటేనా? ఒక్కటి కాదని మేము తలంచుచున్నాము. ఈ రెంటిని కలిపివేయుటవలన మన యౌవనస్థులకు, ముఖ్యముగా మన ఆడబిడ్డలకు, నష్టము కలుగుచున్నది.

పటాన్‌చెరు చుట్టుపట్ల సంఘములలో ఇట్టి ఇండ్లు అనేకములు. తండ్రి పాశమైలారములోనో బొల్లారములోనో కంపెనీలో కాంట్రాక్టు పని చేయును. తల్లి కూలికి పోవును. అప్పు చేసి బిడ్డకు నర్సింగు చదివింతురు. అట్టి యొక యింటి సంగతి చెప్పుదుము. పేరు అవసరము లేదు. ఆ అమ్మాయి మూడేండ్ల జి.ఎన్.ఎం. ముగించి, కౌన్సిలులో పేరు రిజిస్టరు చేయించుకొని, నగరములోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్వ్యూకు పోయెను. నీవు సెలక్టయినట్టే, పది రోజులలో ఫోను చేయుదుమని వారు చెప్పిరి. పది రోజులు గడిచెను, నెల గడిచెను, రెండవ నెలయు నిండవచ్చెను. ఇంతలో పటాన్‌చెరు హైవే ప్రక్కనున్న ఇరువది పడకల నర్సింగు హోము వారు, సోమవారమునుండి డ్యూటీకి రమ్మనిరి. జీతము తక్కువ.

ఆ యింట మూడు ప్రశ్నలు పుట్టెను. “పెద్ద ఆసుపత్రి కోసమే ఉపవాస ప్రార్థన చేసినం. ఇప్పుడు చిన్నదాంట్ల చేరితే అపనమ్మకం కాదా?” అని తండ్రి అడిగెను. “మళ్లా ఫోన్ చేస్తే కోపానికొస్తరేమో” అని తల్లి భయపడెను. బిడ్డ కొంతసేపు ఊరకుండి, “ఇక్కడ చేరినంక వాళ్లు పిలిస్తే, విడిచిపెట్టి పోవుడు మోసం కాదా అయ్యగారూ?” అనెను. మూడవ ప్రశ్నయే బరువైనదని మేమెరుగుదుము. అయినను మొదటినుండి వత్తము.

తండ్రి ప్రశ్నకు యిర్మీయా వ్రాసి పంపిన పత్రికలో జవాబు కలదు. బబులోనునకు చెరగొనిపోబడినవారికి దేవుడు విడుదల వాగ్దానము చేసెను. హనన్యా యనువాడు రెండు సంవత్సరములలో అంతయు తీరునని చెప్పగా జనులకు అది యింపుగా నుండెను. యిర్మీయా డెబ్బది సంవత్సరములని చెప్పెను. అంతవరకు ఏమి చేయవలెను? మూట కట్టుకొని గుమ్మములో కూర్చుండుమని దేవుడు చెప్పలేదు. ఇండ్లు కట్టుడి, తోటలు నాటి వాటి ఫలము తినుడి, మీరున్న ఆ పట్టణము మేలుకొరకే ప్రార్థించుడి అని చెప్పెను. తోట నాటినవాడు వాగ్దానమును నమ్మనివాడు కాడు. ఆ ఫలము తినియే వారు కనిపెట్టిరి. మరియు ఆ వాగ్దానము దేవుడు చేసినది. ఆసుపత్రివారు పది రోజులని చెప్పిన మాటను దేవుని వాగ్దానముతో సమానముగా ఎంచుట ఆసుపత్రికి మనమిచ్చు మితిమీరిన ఘనత.

అయితే సౌలు మాటేమని బైబిలెరిగిన పెద్దలు అడుగుదురు. గిల్గాలులో అతడు ఏడు దినములు కనిపెట్టి, సమూయేలు రానందున తానే దహనబలి అర్పించి రాజ్యము పోగొట్టుకొనెను గదా? ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని సౌలుకు ప్రవక్తనోట స్పష్టమైన ఆజ్ఞ యుండెను. తనది కాని పనిలో అతడు చేయి పెట్టెను. ఈ బిడ్డకు పెద్ద ఆసుపత్రికొరకు ఆగుమని ఏ ఆజ్ఞయు లేదు. రోగులకు సేవచేయుట ఆమె నేర్చుకొనిన పనియే. ఇరువది పడకలున్నచోటనైనను అది ఆమె పనియే.

ఇటీవల మన రాష్ట్రములో జరిగిన సంగతియొకటి ఇక్కడ చెప్పదగినది. స్టాఫ్ నర్సుల పోస్టులు 5,204 ఉన్నవని 2022 డిసెంబరు 30వ తేదీన ప్రభుత్వ బోర్డు నోటిఫికేషను ఇచ్చెను. పరీక్ష 2023 ఆగస్టు 2న జరిగెను. నవంబరులో శాసనసభ ఎన్నికలు వచ్చెను. పోస్టుల సంఖ్య పెరిగి, దాదాపు ఏడువేల మందికి నియామక పత్రములు హైదరాబాదు ఎల్.బి. స్టేడియములో ఇచ్చునప్పటికి 2024 జనవరి 31 అయ్యెను. పదమూడు నెలలు! ఆ నియామకములో పరీక్షకు 80 మార్కులును, ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు పద్ధతిన చేసిన సేవకు 20 మార్కుల వరకును ఉండెను. అనగా చిన్న జీతమునకు ప్రభుత్వ వార్డులో రాత్రి డ్యూటీలు చేసినవారికి ఆ రాత్రులే మార్కులైనవి. ఇంటివద్ద ఎదురుచూచినవారికి ఆ మార్కులు లేవు. ప్రైవేటు ఆసుపత్రులలో ఇట్టి లెక్క లేకపోయినను, చేయి పని మరువకుండుట ఎక్కడైనను లాభమే. ఆరు నెలలు సూది పట్టని చేతికి నరము వెదకుట కష్టమని నర్సులే చెప్పుదురు.

తల్లి భయము గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. యోసేపు చెరసాలలో పానదాయకుల అధిపతిని, నీకు మేలు కలిగినప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుమని నోరు తెరచి అడిగెను. అది అవిశ్వాసమని ఎవరును అనలేదు. ఆ మనుష్యుడు రెండేండ్లు మరచిపోయెను. యోసేపు ఆ రెండేండ్లు చెరసాల పని మానలేదు. కావున పేరు, ఇంటర్వ్యూ తేదీ, పోస్టు వ్రాసి, నా సంగతి ఏమైనదని మర్యాదగా ఒక జాబు పంపుట తప్పు కాదు. వారము చూచి మరియొకమారు అడుగవచ్చును. రెండుమారులకును జవాబు రానియెడల, ఆ తలుపు మూయబడెనని కాక, అది మన చేతిలో లేదని యెంచి తన దారిని పోవలెను. ఈ బిడ్డ అడుగగా, క్రొత్త వార్డు తెరచుట ఆలస్యమైనదని, తెరచిన తరువాత పిలుతుమని చెప్పిరి. ఎవరికిని కోపము రాలేదు. ఆ ఒక్క మాట మొదటనే చెప్పియుంటే ఆ తల్లి నలుబది రాత్రులు నిద్ర లేకుండ గడపకపోవును.

ఇక బిడ్డ అడిగిన ప్రశ్న. మొదట, ఆమె పెద్ద ఆసుపత్రికి ఏ మాటయు ఇయ్యలేదు. ప్రతిపాదన ఒకరు చేసి మరియొకరు అంగీకరించినప్పుడే ఒప్పందమగునని 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. సెలక్టయినట్టే అను మాటలోని ఆ ‘నట్టే’ ఎవరిని కట్టదు. ఆమె స్వతంత్రురాలు.

చిన్న ఆసుపత్రి సంగతి అట్లు కాదు. అక్కడ చేరుదునని చెప్పినప్పుడు అది ఆమె మాట. తనకు నష్టము కలిగినను మాట తప్పనివాడే దేవుని గుడారములో నుండదగినవాడని 15వ కీర్తన భావము. ఇరువది పడకల చోట ముగ్గురో నలుగురో నర్సులుందురు. ఒకతె చెప్పకుండ పోయినయెడల ఆ రాత్రి బాధపడువాడు యజమాని కాదు, మూత్రపు గొట్టముతో పడియున్న ముసలివాడు. కావున మా అభిప్రాయమిది. తాను ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టెనో అడుగకుండనే అంతయు చెప్పనక్కరలేదు. యజమానియు ఎందరిని ఇంటర్వ్యూ చేసెనో ఆమెకు చెప్పడు. కాని ఎంతకాలముందువని అడిగినచో అబద్ధమాడరాదు, దానివలన ఆ పని దక్కకపోయినను సరే. నెల నోటీసుకు ఒప్పుకొనినయెడల నెల పని చేయవలెను. ఏడాది ఉందునని సంతకము చేసినయెడల, మూడవ నెలలో పెద్ద పిలుపు వచ్చినను ఏడాది ఉండవలెను, లేదా యజమానియే సమ్మతించి విడువవలెను. ఇది కఠినమైన మాటయే. అందుచేతనే సంతకమునకు ముందు కాగితమంతయు చదువుడని చెప్పుచున్నాము. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపవచ్చును, వదలి రావద్దు. 2011, 2012 సంవత్సరములలో ముంబయిలోను కేరళలోను నర్సులు సమ్మె చేసినప్పుడు బాండ్లు, పట్టి ఉంచిన సర్టిఫికెట్లు వారి ఫిర్యాదులలో ముఖ్యమైనవి.

ఆ బిడ్డ నర్సింగు హోము డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పెను. నెల ముందు చెప్పితే చాలమ్మా అని ఆయన అనెను. అందరు యజమానులు అట్లు అనరని మేమెరుగుదుము.

ఓపిక పట్టలేక బ్రోకరు చేతిలో డబ్బు పెట్టువారికి ఒక మాట. విదేశములకు పోగోరు నర్సులకొరకు టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రములోనే కలదు. ముందు అక్కడ విచారించుడి.

చివరగా, పని ఇచ్చు ప్రక్కన కూర్చుండువారు మన సంఘములలోను ఉన్నారు. సూపర్‌వైజర్లు, లేబరు కాంట్రాక్టర్లు, స్కూళ్లు నడుపువారు, ఆసుపత్రి ఆఫీసులో పని చేయువారు. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇయ్యవలెనని, వాడు బీదవాడై దానిమీదనే ఆశ పెట్టుకొనియుండునని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఉన్నది. ఇంటర్వ్యూకు వచ్చినవాడు కూలి చేయలేదు గదా అందురేమో. ఆశ పెట్టుకొనుట మాత్రము అదే. మీరు పది రోజులంటే ఆ యింట పది రోజులు లెక్కపెట్టుకొందురు. వేరొక పని వచ్చినను వదలుకొందురు. పౌలు కొరింథుకు వచ్చుట ఆలస్యమైనప్పుడు, అవునని చెప్పి కాదనువాడని అక్కడివారు తప్పుపట్టగా, అతడు అపొస్తలుడనని ఊరకుండలేదు. ఎందుకు రాలేదో రెండవ పత్రిక మొదటి అధ్యాయములోనే వివరించి వ్రాసెను. నేడు ఫోనులో వ్రాయుటకు రెండు నిమిషములు చాలును. ఆలస్యమైనయెడల ఆలస్యమని వ్రాయుడి. మరియొకరిని తీసికొనినయెడల ఆ సంగతియు వ్రాయుడి. రాదని తెలిసిన మరునాడే ఆ బిడ్డ వేరొకచోటికి బస్సెక్కును.